మూడు సెకన్ల గుంజుడు



ఈసారి పోస్టు మిరప ధర గురించి కాదు, నల్ల తామర పురుగు గురించీ కాదు. ఒక జబ్బు గురించి. పొడుగ్గానే ఉంటది, పనులు చూసుకుని తీరిగ్గా చదవండి. నేను డాక్టర్ని కాదు, ఇంటర్ చదివి సేద్యంలో దిగినవాణ్ణి. మా ఇంట్లో జరిగింది, ఆ తర్వాత డాక్టర్లని అడిగి తెలుసుకుంది, నర్సుగా చేస్తున్న మా అన్న కూతురు చదివి చెప్పింది – ఇవే రాస్తున్నాను. అన్నని అడిగే రాస్తున్నాను. "రాయరా, నా పేరు మాత్రం పెట్టబాక. ఎవరికన్నా పనికొస్తది" అన్నాడు.

అసలు సంగతి ముందే చెప్తాను. అన్న జబ్బుని పట్టిచ్చింది స్కానింగు కాదు. మా వదిన పాల లెక్క రాసుకునే గోడ క్యాలెండరు. ఎట్లాగో చదవండి.

2022 నవంబరు చివర్లో మొదలైంది. అన్నకి అప్పుడు 62 ఏళ్లు. బీపీ బిళ్ల తప్ప ఇంకో మందు ఎరగడు, తాగుడు లేదు. టీ తాగుతుంటే చేతిలో గ్లాసు జారి పడింది. చెయ్యి తిమ్మిరెక్కింది అన్నాడు. మర్నాడు అన్నం కలుపుతుంటే మళ్లీ అంతే. అప్పుడు వదిన గమనించింది. కుడి చెయ్యి మోచేతి దగ్గర ఒక్కసారి గుంజుకుని పైకి లేస్తంది, అదే సమయానికి ముఖం కూడా కుడి పక్కకి వంకర పోతంది. రెండు మూడు సెకన్లు. అంతే, మళ్లీ మామూలు మనిషే. స్పృహ తప్పటం లేదు, నురగ లేదు, పడిపోవటం లేదు. అడిగితే "ఏమో, ఏదో లాగినట్టయింది" అంటాడు.

మొదట్లో రోజుకి నాలుగైదు సార్లు. రెండు వారాలు తిరిగేసరికి ఇరవై. సంక్రాంతి నాటికి రోజుకి నలభై యాభై.

ఊళ్లో ఒక్కొక్కళ్లు ఒక్కో మాట. ఎక్కువ మంది అన్నది, "మందు ఎక్కిందయ్యా" అని. అందులో అర్థం ఉంది. ఆ నెలంతా మిరపకి వారానికి రెండు సార్లు కొడుతున్నాం, ఆ ఏడు నల్ల తామర పురుగు అట్లా ఉంది. కొందరు పక్షవాతం వచ్చే ముందు ఇట్లా ఉంటది అన్నారు. ఊళ్లో ఆర్‌ఎంపీ గారు నరాల బలహీనత అని బీ కాంప్లెక్సు ఇంజెక్షన్లు వేశారు. చుట్టాల్లో ఒకావిడ గాలి సోకిందని తాయెత్తు తెచ్చి కట్టింది.

డిసెంబరు మధ్యలో టౌనుకి తీసుకెళ్తే రక్త పరీక్ష చేశారు. సోడియం 124 అని వచ్చింది. మామూలు మనిషికి 135 నుంచి 145 మధ్య ఉండాలట. బీపీ బిళ్లల్లో కొన్నింటివల్ల ఉప్పు తగ్గుతుంది, ఎండలో చెమటకీ తగ్గుతుంది, అందుకే నీరసం, అందుకే చెయ్యి లాగుతోంది అన్నారు. బీపీ బిళ్ల మార్చారు, సెలైను పెట్టారు. సోడియం 128కి వచ్చింది, పది రోజుల్లో మళ్లీ 125. గుంజుడు మాత్రం తగ్గలేదు. ఆ చీటీ వదిన దాచిపెట్టింది. ఈ 124 అనే అంకె గుర్తుపెట్టుకోండి, మళ్లీ వస్తది.

తర్వాత నరాల డాక్టరు. తలకి సీటీ స్కాన్ తీశారు, బాగుంది. ఈఈజీ అని తలకి వైర్లు పెట్టి తీసేది తీశారు, అదీ బాగుంది. ఫిట్సు అయితే అందులో కనపడాలి, కనపడలేదు కాబట్టి ఇది టెన్షను వల్ల కావచ్చు అన్నారు. అయినా ఫిట్సు బిళ్లలు రాసిచ్చారు. వాడితే మగతగా ఉండేవాడు తప్ప లెక్కలో తేడా లేదు.

పండగ వెళ్లాక అసలు కష్టం మొదలైంది. అన్న అడిగిందే అడగటం మొదలుపెట్టాడు. "కౌలు డబ్బులు ఇచ్చామా?" ఇచ్చాం అంటే సరే అంటాడు, పది నిమిషాలకి మళ్లీ అదే. ఒకరోజు నిజంగానే రెండోసారి ఇచ్చొచ్చాడు, ఆ పొలం ఆయన మంచివాడు కాబట్టి సాయంత్రం తెచ్చి ఇచ్చాడు. మా అమ్మ పోయి ఆరేళ్లయింది. "అమ్మ అన్నం తిన్నదా?" అని అడిగాడు ఒక రాత్రి. వదిన ఏడ్చింది. నిద్ర పూర్తిగా పోయింది. అర్ధరాత్రి లేచి బ్యాటరీ లైటు తీసుకుని కల్లం దగ్గరికి పోయేవాడు, కాయలు ఎవరో ఎత్తుకుపోతున్నారని. కల్లంలో అప్పటికి కాయే లేదు, మొదటి కోత కూడా కాలేదు.

చుట్టాలు కొందరు పిచ్చాసుపత్రి మాట ఎత్తారు. ముసలితనంలో వచ్చే మతిమరుపు అన్నారు ఇంకొందరు. నవంబరులో యాభై బస్తాల ఎరువు లెక్క నోటితో చెప్పినవాడికి జనవరిలో ముసలితనం వస్తదా?

ఫిబ్రవరి మొదటి వారంలో పెద్ద ఫిట్సు వచ్చింది. ఈసారి అందరికీ తెలిసిన ఫిట్సే, కాళ్లూ చేతులూ కొట్టుకుని, నాలుక కొరుక్కుని. ఒక పెద్దాసుపత్రిలో చేర్చాం. ఎమ్మారై తీశారు, పెద్దగా ఏమీ లేదన్నారు. వెన్నులో నీరు తీసి చూశారు. మెదడువాపు, టీబీ లాంటివి ఏమన్నా ఉన్నాయేమోనని. నీరు శుభ్రంగా ఉంది. మూడో రోజు ఒక డాక్టరు గారు బయటికి పిలిచి ఒక పేరు చెప్పారు, సీజేడీ అని. మతి వేగంగా పోయి, ఒళ్లు ఎగిరెగిరి పడే జబ్బు, దానికి మందు లేదు, నెలల్లో అయిపోతుంది, ఇంటికి తీసుకెళ్లి బాగా చూసుకోండి అన్నారు. ఆయన కోపంగా చెప్పలేదు, జాలిగానే చెప్పారు. ఆ రాత్రి ఆసుపత్రి మెట్ల మీద మా అన్న కొడుకు, నేను కూర్చుని పొలం అమ్మే సంగతి కాదు, కర్మకాండల సంగతి మాట్లాడుకున్నాం. అంతదాకా వచ్చింది.

మా అన్న కూతురు ఒప్పుకోలేదు. "ఇంకొక్క చోట చూపిద్దాం బాబాయ్, ఒక్క చోట" అంది. హైదరాబాదు తీసుకెళ్లాం.

అక్కడ చూసిన డాక్టరమ్మ చిన్నావిడే. మేము సంచిలోంచి ఫైళ్లు తీసి బల్ల మీద పెట్టబోతే ఆపింది. "ఇవి తర్వాత చూస్తానండి. మొట్టమొదట ఏం జరిగిందో చెప్పండి. ఫిట్సు కాదు, మతిమరుపు కాదు, వాటికన్నా ముందు" అని వదిన వైపు తిరిగి అడిగింది.

వదిన బడికి పోలేదు, అంకెలు మాత్రం వచ్చు. "చెయ్యి గుంజేదమ్మా" అంది.

"ఎట్లా గుంజేది?"

వదిన చేసి చూపించింది. మోచెయ్యి వంచి, మూతి పక్కకి లాగి. ఆ డాక్టరమ్మ కుర్చీలో ముందుకి జరిగింది. "ఒకే పక్కనా? ముఖం, చెయ్యి ఒకేసారా? ఎంతసేపు? రోజుకి ఎన్ని సార్లు?"

అప్పుడు వదిన సంచి అడుగు నుంచి క్యాలెండరు కాగితాలు తీసింది. మా ఇళ్లలో గేదె ఎదకొచ్చిన తేదీ, చూడు కట్టించిన తేదీ, పాల లీటర్లు అన్నీ గోడ క్యాలెండరు మీదే రాస్తారు. వదిన ఆ పాల లెక్క పక్కనే అన్నకి చెయ్యి గుంజినప్పుడల్లా ఒక గీత గీసింది. ఐదు గీతలకి ఒక అడ్డగీత. నవంబరు కాగితంలో నాలుగు, ఐదు. డిసెంబరులో పదిహేను, ఇరవై. జనవరి కాగితంలో గడి నిండిపోయి పక్క గడిలోకి పోయినయ్. ఎవరూ చెప్పలేదు ఆమెకి రాయమని.

ఇంకోటి కూడా ఉంది. పండక్కి వచ్చిన మనవడు, తాత ముఖం తమాషాగా పెడుతున్నాడని ఫోనులో వీడియో తీశాడు. పదకొండు సెకన్ల వీడియో. అది చూపించాం. డాక్టరమ్మ మూడు సార్లు చూసింది. తర్వాత ఫైలులో సోడియం చీటీ వెతుక్కుని 124 చుట్టూ పెన్నుతో సున్నా చుట్టింది.

"ఇది సీజేడీ అని ఇప్పుడే అనుకోవద్దు. మందు ఉన్న జబ్బు ఒకటి అచ్చం ఇట్లాగే ఉంటుంది" అంది. వదిన చేతులు జోడించబోతే పట్టుకుని దించింది.

ఆ జబ్బు పేరు ఆటోఇమ్యూన్ ఎన్‌కెఫలైటిస్. మెదడువాపే, కానీ దోమ వల్ల, క్రిమి వల్ల వచ్చేది కాదు. ఒంట్లో రోగాల మీద పోరాడాల్సిన రక్షణ బలగం దారితప్పి మన మెదడు మీదే పడుతుంది. కంచే చేను మేయటం అంటామే, అదీ సంగతి. ఆ బలగం విసిరే ఆయుధాలని యాంటీబాడీలు అంటారు. అవి మెదడులో దేన్ని పట్టుకున్నాయి అన్నదాన్ని బట్టి జబ్బు రకరకాలుగా కనపడుతుంది. అన్నకి వచ్చిన దాంట్లో అవి ఎల్‌జీఐ1 అనే ప్రోటీను మీద పడతాయి. ఒక నరకణం నుంచి ఇంకోదానికి కబురు సజావుగా పోవటానికి సాయపడే ప్రోటీను అది. ఎక్కువగా యాభై దాటినవాళ్లకి, అందులోనూ మగవాళ్లకి వస్తది. మతిమరుపు, నిద్ర పోవటం, లేనిపోని అనుమానాలు, ఫిట్సు. సగం మందికి పైగా రక్తంలో సోడియం పడిపోతుంది. అంటే మా అన్నకి ఉప్పు తగ్గటం వల్ల చెయ్యి గుంజలేదు. రెండూ ఒకే చెట్టు కాయలు.

ఆ మూడు సెకన్ల గుంజుడే ఈ రకానికి పెద్ద గుర్తు. ముఖం, అదే పక్క చెయ్యి కలిసి గుంజటం, రోజుకి పదుల సార్లు. ఇంత కచ్చితంగా ఇంకో జబ్బులో ఉండదంట. 2011లో ఇంగ్లండులోని ఆక్స్‌ఫర్డ్ డాక్టరు సరోష్ ఇరానీ, ఆయనతో పనిచేసినవాళ్లు 29 మంది రోగుల్ని కలిపి చూసి, చాలామందిలో మతి పోవటం కన్నా ముందే ఈ గుంజుడు మొదలవుతుందని రాశారు. అంటే జబ్బు మనకి ముందే కబురు పెడుతుంది. ఆ కబురు ఆసుపత్రికి రాదు, ఇంటికొస్తది. టీ గ్లాసు దగ్గరికి, అన్నం పళ్లెం దగ్గరికి.

మరి అన్ని పరీక్షలూ బాగానే ఎందుకు వచ్చినయ్ అని మీకు అనుమానం వస్తది. నాకూ వచ్చింది, అడిగాను. డాక్టరమ్మ ఓపిగ్గా చెప్పింది. ఆ గుంజుడు మెదడు లోపలి పొరల్లో పుడుతుంది కాబట్టి తల పైన పెట్టిన వైర్లకి చాలాసార్లు అందదు. ఎమ్మారై మొదట్లో చాలామందికి మామూలుగానే ఉంటుంది, తర్వాత జ్ఞాపకాలు నిలిచే చోట తెల్లగా వాపు కనపడొచ్చు. అన్నకి హైదరాబాదులో మళ్లీ తీస్తే ఒక పక్క కొంచెం కనపడింది. ఈ రకంలో వెన్నులో నీరు కూడా ఎక్కువ మందికి మామూలుగానే ఉంటుంది. ఇక యాంటీబాడీ పరీక్ష అంటారా, అది ఎవరో ఒకరికి అనుమానం వచ్చి రాస్తే తప్ప చేయరు. మామూలు రక్త పరీక్షల్లో అది ఉండదు. కాబట్టి "అన్నీ నార్మల్" అంటే జబ్బు లేదని కాదు, అడిగిన వాటిల్లో లేదని మాత్రమే.

మిరప రైతులకి ఇంకో రకంగా చెప్తాను. ఆకు ముడత అని షాపుకి పోయి అడిగితే ఏదో ఒక డబ్బా చేతిలో పెడతాడు. కానీ మనకి తెలుసు కదా, ఆకు పైకి ముడుచుకుంటే తామర పురుగు, కిందికి ముడుచుకుంటే నల్లి. రెండూ ముడతే, మందులు వేరు. తామర పురుగు మందుతో నల్లి చావదు, డబ్బులు పోతయ్, తోట పోతది. ముడత పైకా కిందికా అన్నది షాపులో తెలియదు, చెట్టు దగ్గర నిలబడి చూసినవాడే చెప్పాలి. అన్న విషయంలో చెట్టు దగ్గర నిలబడింది వదిన.

రక్తం, వెన్నులో నీరు రెండూ పరీక్షకి పంపారు. ఎల్‌జీఐ1 రక్తంలో బాగా దొరుకుతుందట, కొన్ని రకాలు వెన్ను నీటిలోనే బాగా దొరుకుతాయట, అందుకని రెండూ. రిపోర్టు రావటానికి పదిరోజులు దాకా పడుతుంది అన్నారు. "రిపోర్టు వచ్చేదాకా మనం ఆగొచ్చు, జబ్బు ఆగదు" అని డాక్టరమ్మ ముందే వైద్యం మొదలుపెట్టింది. దానికి ముందు టీబీ ఏమన్నా ఉందా, లివరు ఇన్ఫెక్షను ఉందా చూసుకుంది. స్టెరాయిడు ఇస్తే దాక్కున్న టీబీ లేచి కూర్చుంటుంది కాబట్టి. కొందరిలో ఎక్కడో ఒక గడ్డ ఉండి ఈ జబ్బుని రేపుతుందని ఛాతీ, పొట్ట స్కాన్ చేశారు. అన్నకి గడ్డ లేదు.

మిథైల్ ప్రెడ్నిసొలోన్ అనే స్టెరాయిడు, రోజుకి 1 గ్రాము, సెలైనులో కలిపి, 5 రోజులు. వదిన ఆసుపత్రిలో కూడా గీతలు మానలేదు. మొదటి రోజు 46. రెండో రోజు 41. మూడో రోజు 19. ఐదో రోజు 6. పదో రోజున గడి ఖాళీ. ఫిట్సు బిళ్లలకి లొంగనిది అది. తొమ్మిదో రోజున రిపోర్టు వచ్చింది, ఎల్‌జీఐ1 పాజిటివ్ అని. అప్పటికే అన్న రాత్రిళ్లు నిద్రపోతున్నాడు. సోడియం దానంతటదే 136కి ఎక్కింది.

డబ్బు సంగతి కూడా చెప్పాలి, మనలాంటివాళ్లకి అదే మొదటి ప్రశ్న కాబట్టి. ఆ స్టెరాయిడు ఇంజెక్షన్లకి అయింది వేలల్లోనే. లక్షలు అయ్యేది ఐవీఐజీ అనే ఇంకో మందుకి, స్టెరాయిడుకి లొంగనివాళ్లకి, జబ్బు తీవ్రంగా ఉన్నవాళ్లకి అది లేదా రక్తంలో ప్లాస్మా మార్చటం చేస్తారు. అన్నకి దాని అవసరం పడలేదు. మాకు ఎక్కువ ఖర్చయింది జబ్బు పేరు తెలిసేలోపే.

తొందరగా పట్టుకుంటే ఏమొస్తది? 2018లో ఆ ఆక్స్‌ఫర్డ్ వాళ్లే ఈ గుంజుడు ఉన్న 103 మంది లెక్క తీసి రాశారు. ఒట్టి ఫిట్సు మందులతో నెల రోజుల్లో గుంజుడు ఆగింది నూటికి 10 మందికే. స్టెరాయిడు లాంటి వైద్యం మొదలుపెట్టిన నెలకి 51 మందికి ఆగింది. అంతకన్నా ముఖ్యం, గుంజుడు ముందుగా ఆగినవాళ్లకి మతి దెబ్బతినటం తగ్గింది. గుంజుడుకీ మతిమరుపుకీ మధ్య ఉన్న ఆ నాలుగు వారాలో ఎనిమిది వారాలో, అదే అసలైన అదను. విత్తనానికి అదను ఎట్లాగో దీనికీ అట్లాగే.

ఇది ఒక రకం. ఇంకో రకం ఉంది, అది వయసు పిల్లలకి వస్తది, ఆడపిల్లలకి ఎక్కువ. ఎన్‌ఎండీఏ రకం అంటారు. అమెరికాలో పెన్సిల్వేనియా యూనివర్సిటీలో జోసెప్ డాల్మావ్ అనే డాక్టరు, ఆయన బృందం 2007లో 12 మంది ఆడవాళ్ల మీద మొదటిసారి దీన్ని విడమరిచి రాశారు. అందులో దాదాపు అందరికీ అండాశయంలో టెరటోమా అనే గడ్డ ఉంది. ఈ రకం చూడటానికి పూర్తిగా పిచ్చిలాగా మొదలవుతుంది. చదువుకునే పిల్ల ఉన్నట్టుండి భయపడటం, అరవటం, లేనివి వినపడటం, నిద్ర లేకపోవటం. తర్వాత ఫిట్సు, నోరు చప్పరిస్తున్నట్టు కదలటం, మాట పడిపోవటం, ఊపిరికి మిషను పెట్టాల్సి రావటం. మన దగ్గర ఆ పిల్లని ముందు ఎక్కడికి తీసుకుపోతారో మీకు నేను చెప్పక్కర్లేదు.

న్యూయార్కులో కూడా అదే జరిగింది. సుసానా కహాలన్ అని ఒక పత్రిక విలేకరి, 2009లో 24 ఏళ్లు. పరీక్షలు అన్నీ బాగానే ఉన్నయ్యి, తాగుడు వల్ల అన్నారు, మానసికం అన్నారు. చివరికి సౌహెల్ నజ్జార్ అనే డాక్టరు ఒక కాగితం ఇచ్చి గడియారం బొమ్మ గియ్యమన్నాడు. ఆ అమ్మాయి 12 అంకెలూ కుడి పక్కనే కుక్కేసింది, ఎడమ సగం ఖాళీ. మెదడు కుడి భాగంలో వాపు ఉందని ఆయనకి అక్కడ దొరికింది. ఆమె కోలుకుని 2012లో పుస్తకం రాసింది, సినిమా కూడా వచ్చింది. కోట్ల రూపాయల మిషన్లు ఉన్న ఊళ్లో ఒక కాగితం, ఒక పెన్ను. మా దగ్గర ఒక క్యాలెండరు. ఈ రకంలో కూడా వైద్యం అందితే మంచి కబురే ఉంది. 577 మందిని చూసి 2013లో రాసిన దాంట్లో, రెండేళ్లకి ప్రతి 10 మందిలో 8 మంది తమ పనులు తాము చేసుకునేదాకా వచ్చారు.

తాయెత్తు కట్టొద్దు, మొక్కు మొక్కొద్దు అని నేను అనను. ఎవరి నమ్మకం వాళ్లది. తాయెత్తు కట్టిన వారంలోనే నరాల డాక్టరుకి కూడా చూపించండి అంటున్నా. ముఖ్యంగా ఎప్పుడూ ఏ మానసిక ఇబ్బందీ లేని మనిషి రోజుల్లో, వారాల్లో మారిపోతే. దానికి తోడు ఫిట్సు, జ్వరం, మాట తగ్గిపోవటం, వింత కదలికలు, మానసిక జబ్బు మందులు వాడితే ఒళ్లు కొయ్యబారటం ఉంటే అసలు ఆగొద్దు.

ఇక మందు ఎక్కటం సంగతి. రైతు ఇంట్లో ఏ జబ్బు వచ్చినా ముందు ఆ మాటే వస్తది కాబట్టి తేడా తెలుసుకోండి. పురుగు మందు, అందులోనూ మోనోక్రోటోఫాస్ లాంటివి ఒంటికి తగిలితే సాధారణంగా గంటల్లోనే తెలుస్తుంది. చెమటలు, నోట్లో చొంగ, వాంతులు, విరేచనాలు, కంటిపాప సూది మొనంత అవటం, ఊపిరాడకపోవటం, కండరాలు అదరటం. కోలినెస్టరేజ్ అనే రక్త పరీక్షలో బయటపడుతుంది. అది ఆ రోజే ఆసుపత్రికి పోవాల్సిన సంగతి, డబ్బా కూడా వెంట తీసుకుపోవాలి. స్ప్రే ఆపేసిన తర్వాత కూడా వారం వారానికీ పెరుగుతూ పోయేది, ఎప్పుడూ ఒకే పక్క రెండు మూడు సెకన్లు గుంజేది మందు ఎక్కటం లాగా ఉండదు. పక్షవాతం రోజుకి నలభై సార్లు వచ్చి పోదు. వణుకుడు జబ్బులో చెయ్యి ఆగకుండా ఒకే లయలో వణుకుతుంది, ఇట్లా గుంజి వదలదు.

అట్లాగని ప్రతి మతిమరుపూ ఇదే అనుకోవద్దు. ఇది అరుదైన జబ్బు. లేనివాళ్లకి ఉందని చెప్పటం కూడా జరుగుతోంది. 2023లో అచ్చయిన ఒక పరిశీలనలో, ఈ జబ్బు అని పొరపాటుగా చెప్పిన 107 మందిని లెక్క తీశారు. వాళ్లలో చాలామందికి అసలు ఉన్నది మానసిక ఇబ్బందో, వయసుతో వచ్చే మతిమరుపో. వాళ్లలో కొందరు ఊరికే స్టెరాయిడ్ల లాంటివి వాడి నష్టపోయారు. అందుకని ఈ పోస్టు చూపించి మెడికల్ షాపులో స్టెరాయిడు కొనుక్కునే పని చేయొద్దు. షుగరు పెరుగుతుంది, ఎముకలు బోలుతాయి, టీబీ ఉంటే లేస్తది. యాంటీబాడీ రిపోర్టు ఒక్కటే కాదు, మనిషి, లక్షణాలు, స్కాను అన్నీ కలిపి చూసే డాక్టరు కావాలి. రిపోర్టు నెగెటివ్ వచ్చినా లక్షణాలు గట్టిగా ఉంటే వైద్యం చేస్తారు, పాజిటివ్ వచ్చినా లక్షణాలు కలవకపోతే ఆలోచిస్తారు.

మనం చేయగలిగింది ఇది:

ఒకటి. మొదటి గుర్తు ఏ తేదీన వచ్చింది, తర్వాత ఏది, ఆ తర్వాత ఏది – వరుస రాసిపెట్టండి. డాక్టరు దగ్గర మనం పెద్ద కష్టం ముందు చెప్తాం, చిన్నది మర్చిపోతాం. చిన్నదే ముందు చెప్పండి.

రెండు. వింత కదలిక ఏదన్నా ఉంటే ఫోనులో వీడియో తీయండి. ముఖం, రెండు చేతులు కనపడాలి, వెలుతురు ఉండాలి. డాక్టరు ముందు కూర్చున్న ఐదు నిమిషాల్లో ఆ గుంజుడు రాకపోవచ్చు.

మూడు. రోజుకి ఎన్ని సార్లు అన్నది గీతలు పెట్టండి. చదువు అక్కర్లేదు.

నాలుగు. వాడే ప్రతి బిళ్ల, కొట్టిన ప్రతి మందు పేరు రాయండి. పాత రక్త పరీక్షల చీటీలు, ముఖ్యంగా సోడియం, పారేయొద్దు. తేదీల వరుసలో పెట్టి పిన్ను కొట్టండి.

ఐదు. "మందు లేదు, ఇంటికి తీసుకెళ్లండి" అంటే, "ఆటోఇమ్యూన్ రకం ఏమన్నా అయి ఉంటదా డాక్టరు గారూ, ఆ పరీక్ష చేశారా?" అని మర్యాదగా ఒక్క మాట అడగండి. మంచి డాక్టరు ఎవరూ దానికి కోప్పడరు.

అన్న ఇప్పుడు ఎట్లా ఉన్నాడంటే, పొలం వస్తాడు, నీళ్లు పెడతాడు, మేస్త్రీతో బేరం ఆడతాడు. స్టెరాయిడు బిళ్లలు నెమ్మదిగా తగ్గిస్తూ ఏడాది పైన వాడాడు, షుగరు వచ్చి కొన్నాళ్లు ఇన్సులిను చేసుకున్నాడు. కొందరిలో ఈ జబ్బు తిరగబెడుతుందని చెప్పారు కాబట్టి చెకప్పులకి పోతూనే ఉన్నాం. ఆ మూడు నెలలు మాత్రం అతనికి గుర్తు లేవు. ఆ సంక్రాంతి లేదు, ఆసుపత్రులు లేవు, అమ్మ గురించి అడిగింది లేదు. కొత్తగా చెప్పిన మాటలు కొన్ని జారిపోతయ్. పేర్లు వెతుక్కుంటాడు. డబ్బు లెక్కలు ఇప్పుడు వదిన చూస్తంది, అతనే అప్పజెప్పాడు. కొంచెం ముందు దొరికి ఉంటే ఇంకొంచెం మిగిలేది అన్నారు డాక్టరమ్మ. దొరక్కపోయి ఉంటే ఏం మిగిలేదో మాకు తెలుసు.

మీ ఊళ్లో ఎవరికన్నా చెయ్యి ఉన్నట్టుండి గుంజుతోందని, చేతిలో వస్తువులు పడేస్తున్నారని, ఉప్పు తగ్గిందని చెప్పారని వింటే వాళ్ల ఇంట్లో ఆడవాళ్లకి ఈ పోస్టు చదివి వినిపించండి. చూసేది, గుర్తుపెట్టుకునేది వాళ్లే. ఏమన్నా అడగాలంటే కింద అడగండి. రాత్రి ఎనిమిది తర్వాత చూసి జవాబు ఇస్తాను, పగలు కోతలు నడుస్తున్నయ్.